కేకుల నెలకు ముందు ఓవెన్ జిడ్డు వదిలించేవారికి

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా తెరిపివ్వకముందే క్రిస్మస్ కేకుల పని మొదలవుతుంది. ఏడాదంతా తందూరీ చికెన్‌కూ గ్రిల్ చేసిన రొయ్యలకూ వాడిన ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) తలుపు అప్పుడు తెరిస్తే గోడల మీద నల్లటి పొరలు కనిపిస్తాయి. చిందిన నూనె పదేపదే కాలి, వార్నిష్‌లా గట్టిపడి పట్టుకున్న జిడ్డు అది. దానితోనే వేడి చేస్తే పొగ వస్తుంది, కేకుకు పాత మాంసం వాసన పడుతుంది. కింది ట్రేలో కొవ్వు పేరుకుని ఉంటే మంట కూడా లేవవచ్చు. కాబట్టి శుభ్రం చేయాల్సిందే. కానీ గంటలో తేల్చేయాలని కూర్చోకండి. ఈ పనిలో చేతులు, కళ్లు కాలేది ఎక్కువగా ఆ తొందరలోనే.

తొందరపడినవారు మొదట వెతికేది బాత్రూం యాసిడ్. వీధిలో విడిగా అమ్మే యాసిడ్‌ను పాత నీళ్ల సీసాలో పోయించుకుని వంటింటి మూలన పెట్టుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు దాహానికి ఎత్తి తాగే సీసా అది. దయచేసి ఆ అలవాటు మానేయండి. యాసిడ్‌కు జిడ్డు కరగదు సరికదా, ఓవెన్ లోపలి రేకునూ ట్రేలనూ తినేస్తుంది. ఇంకా పెద్ద ప్రమాదం, వానాకాలంలో సంపు కోసం తెచ్చుకున్న బ్లీచింగ్ పౌడరు పక్కనే ఉండటం. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీలు మూసిన చిన్న వంటగదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదకు కూడా తెస్తుంది. ముక్కు, గొంతు మండే ఘాటు తగిలితే పని వదిలేసి వెంటనే బయటికి వచ్చేయండి. గిన్నె కడిగేద్దామని మళ్లీ లోపలికి వెళ్లవద్దు.

రెండోది కాస్టిక్ సోడా. దుకాణాల్లో దొరికే ఘాటైన ఓవెన్ క్లీనర్లలో చాలావాటికి బలం దానిదే. అది కొవ్వును సబ్బుగా మార్చి వదిలిస్తుంది, నిజమే. చర్మం మీద పడితే అక్కడా అదే పని చేస్తుంది. మొదట నొప్పి తెలియకపోవచ్చు, ఈలోగా పుండు లోతుకు దిగుతుంది. అల్యూమినియం ట్రేకు తగిలితే దాన్ని తింటూ, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఇంట్లో వాడే చిన్న ఓటీజీకి దీని అవసరం లేదని నా అభిప్రాయం. వాడక తప్పదనుకుంటే మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు, పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకోండి. కిటికీ తెరిచి, స్టవ్ ఆర్పి, సీసా మీద రాసినట్టే వాడండి. పొడి రకమైతే నీళ్లలో పొడి వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఉడికి ఎగజిమ్ముతుంది. పనికి వచ్చే మనిషి చేతికి ఆ సీసా ఇచ్చి పక్కకు తప్పుకోవడం మాత్రం అన్యాయం. ఇవేవీ ఆమెకు చెప్పకుండా, గ్లౌజులు ఇవ్వకుండా ఆ పని అప్పగించకండి.

యాసిడ్ గానీ కాస్టిక్ సోడా గానీ కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నుంచి 20 నిమిషాలు పారే నీళ్లతో కడగాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి. చర్మం మీద పడినా నీళ్లే, నిమ్మరసమో వెనిగరో పోయవద్దు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక కరెంటు సంగతి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి. వానల్లో మన దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పోయింది కదా అని ప్లగ్గు ఉంచి లోపల చెయ్యి పెడితే అది ఏ క్షణాన వస్తుందో తెలియదు. ఓవెన్ పూర్తిగా చల్లారాలి. వేడి అద్దం మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు.

అసలు పని చేసి పెట్టేది వంట సోడా. బట్టలుతికే సోడా దీనికన్నా ఘాటైనది, ఆ రెండూ ఒకటనుకోకండి. అర కప్పు వంట సోడాలో రెండు మూడు చెంచాల నీళ్లు కలిపి ముద్ద చేసి, లోపల వేడెక్కే రాడ్లకు తగలకుండా గోడలకూ తలుపు అద్దానికీ పట్టించి రాత్రంతా వదిలేయండి. జాలీలను, ట్రేలను విడిగా వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి నానబెట్టండి. పొద్దున తడిగుడ్డతో తుడిస్తే చాలామటుకు వచ్చేస్తుంది. మిగిలిన చోట మళ్లీ పట్టించండి, బలం పెట్టి గీకకండి. మిగిలిన తెల్లటి పొడి మీద కాస్త వెనిగర్ చల్లితే పొంగి వదులుతుంది. ముందే రెండూ కలిపేస్తే ఒకదాని బలం ఇంకొకటి చంపేస్తుంది. స్టీలు పీచు వాడవద్దు. దాని ముక్కలు రాడ్ల దగ్గర ఇరుక్కుంటే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, అద్దం మీద పడిన గీతలు దాన్ని బలహీనం చేస్తాయి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి తుడుపు మంచినీళ్లతో చేయండి, లేకపోతే తెల్లటి మరకలు మిగులుతాయి.

మైక్రోవేవ్‌కు ఇంత శ్రమ లేదు. గిన్నెలో నీళ్లు, నిమ్మచెక్కలు, ఒక చెక్క గరిటె వేసి నాలుగైదు నిమిషాలు వేడి చేసి, ఆ ఆవిరి లోపలే కాసేపు నిలిచాక తుడవండి. చెక్క గరిటె లేకపోతే నీళ్లు కదలకుండా అతిగా వేడెక్కి, ముట్టుకోగానే మీదికి చిమ్మవచ్చు. బయటి రేకు మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఓటీజీని తుడవడం అయ్యాక దాని తలుపు తెరిచి ఫ్యాన్ కింద ఒక రోజు ఆరనివ్వండి. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తర్వాత కిటికీ తెరిచి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లోనే పెట్టి, ఏమీ ఉంచకుండా 180 డిగ్రీల దగ్గర పావుగంట నడపండి. కొద్దిగా వాసన వచ్చి తగ్గిపోతే ఫరవాలేదు. ఎంసీబీ (కరెంటులో తేడా వస్తే దానంతటదే ఆగే స్విచ్) పడిపోయినా, బయటి రేకు ముట్టుకుంటే జిల్లుమన్నా, పండగ దగ్గర పడిందని మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా ప్లగ్గు తీసేసి మెకానిక్‌కు చూపించండి.