డర్హమ్ దగ్గరికి కొత్తగా వచ్చినవారు బేస్‌బాల్ చూడటం ఎలా మొదలుపెట్టాలి?

ఉద్యోగరీత్యా అమెరికాలో డర్హమ్ పక్కనున్న కేరీకో మోరిస్‌విల్‌కో వచ్చినవారికి నా మొదటి సలహా: ఈ వేసవిలోనే ఒక సాయంత్రం స్థానిక బేస్‌బాల్ జట్టు డర్హమ్ బుల్స్ ఆటకు వెళ్లండి. ఈ ఊళ్లున్న ఉత్తర కరొలైనా రాష్ట్రంలో మేజర్ లీగ్ (అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్ పోటీ) జట్టు ఒక్కటీ లేదు. దాని కోసం వాషింగ్టన్‌కో అట్లాంటాకో కారులో గంటల కొద్దీ ప్రయాణించాలి. బుల్స్ మైదానానికి మాత్రం పని ముగించుకుని, పిల్లలను తీసుకుని తీరిగ్గా వెళ్లవచ్చు.

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒక్కోదాని కింద, ఆటగాళ్లు పైకి ఎదిగేందుకు నాలుగు మైనర్ లీగ్ మెట్లు: సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ. బుల్స్ ఆడేది పై మెట్టయిన ట్రిపుల్ ఎలో, టాంపా బే రేస్ అనే మేజర్ లీగ్ జట్టుకు అనుబంధంగా. ఇక్కడ ఆడే కుర్రాడికి పిలుపు వస్తే మర్నాడే మేజర్ లీగ్‌లో ఉంటాడు. ఇవాన్ లాంగోరియా, డేవిడ్ ప్రైస్ 2008లో ఇక్కడి నుంచే పైకి వెళ్లారు. ఆ ఏడాది రేస్ మేజర్ లీగ్ తుది పోరైన వరల్డ్ సిరీస్ దాకా చేరింది. అందుకే జట్టుకన్నా ముందు ఒక ఆటగాడిని ఎంచుకోండి, అతడి వెంట నడవండి.

క్రికెట్ చూసి పెరిగిన కళ్లకు మొదట్లో నిరాశ తప్పదు. పరుగులు తక్కువ, వెనక్కి కొట్టిన బంతికి విలువ లేదు. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాడే (అంటే బంతిని కొట్టి అవుటవకుండా బేస్ చేరినవాడే) ఇక్కడ మేటి బ్యాటర్. అసలు పోరు బంతి విసిరే పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య ఒక్కో బంతికీ సాగుతుంది. అది పట్టుబడాలంటే పెన్సిలు పట్టుకుని స్కోరు కాగితం నింపండి. ఇంతకు మించిన గురువు నాకు దొరకలేదు. అందులో ఒక్కో ఫీల్డర్ స్థానానికి ఒక అంకె: పిచర్ 1, క్యాచర్ (వికెట్ కీపర్‌లాంటివాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. గడిలో 6-4-3 అని ఉంటే షార్ట్‌స్టాప్ ఆపిన బంతి సెకండ్ బేస్ మీదుగా ఫస్ట్ బేస్‌కు చేరి ఇద్దరిని అవుట్ చేసిందని అర్థం. స్ట్రైకౌట్‌కు, అంటే బ్యాటర్ మూడు స్ట్రైక్‌లతో అవుటైతే, ‘కె’ అక్షరం. బ్యాటు కదపకుండా నిలబడిపోయి అవుటైతే ఆ ‘కె’ని తిరగేసి రాస్తారు. రెండు మూడు ఆటలకే చేయి అలవాటు పడుతుంది.

సాధారణంగా ఒకే ప్రత్యర్థితో మంగళవారం నుంచి ఆదివారం వరకు ఆరు ఆటలుంటాయి, సోమవారం సెలవు. వలలేని వైపు కూర్చుంటే పిల్లల మీద ఒక కన్ను, బంతి మీద ఒక కన్ను ఉంచండి. ఫౌల్ బంతి (ఆట గీతల బయటికి పోయిన బంతి) చాలా వేగంగా వస్తుంది. ఎడమ వైపు గోడ మీది ఎద్దు బొమ్మను పిల్లలకు తప్పక చూపించండి. బుల్స్ ఆటగాడు హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొడితే దాని కళ్లు వెలుగుతాయి, ముక్కుల్లోంచి పొగ వస్తుంది. బంతి ఎద్దుకు తగిలితే ఆటగాడికి మాంసం వంటకం, కింది గడ్డికి తగిలితే సలాడ్ బహుమతి!

మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు 162 ఆటలు. అన్నీ చూడక్కర్లేదు. మీరు స్కోరు రాసిన కుర్రాడి పేరు ఒక సాయంత్రం బుల్స్ జాబితాలో కనిపించకపోతే, ఇంటికి వచ్చి టీవీలో రేస్ ఆట పెట్టి చూడండి.