సప్పర్ క్లబ్‌కి వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలంటే

హైదరాబాద్‌లో సొంతంగా సప్పర్ క్లబ్ (ఇంట్లోనే వండి, ముందే బుక్ చేసుకున్న కొద్దిమందికి డబ్బులు తీసుకుని పెట్టే భోజనం) పెడదామనుకునే వంటవాళ్ళు ముందు అడిగేది ఇన్‌స్టాలో ఫాలోవర్లు ఎలా పెరుగుతారని, నేనైతే అది తర్వాత చూసుకోండి అంటా, ముందు మీ టేబుల్ దగ్గర కూర్చున్న 12 మందికి ఒకరితో ఒకరికి పరిచయం కుదిరేలా చూడండి, మిగతావాళ్ళని వాళ్ళే తీసుకొస్తారు.

దీనికి అన్నిటికంటే బాగా పనిచేసేది వడ్డన. ఎవరి ప్లేటు వాళ్ళకి అందంగా సర్ది ఇచ్చేస్తే ఫొటో తీసుకుని తినేసి వెళ్ళిపోతారు. అదే బంతి భోజనంలాగా పొడుగు టేబుల్ వేసి, నలుగురికి కలిపి ఒక గిన్నెడు చింతచిగురు పప్పు, ఒకే నేతిగిన్నె పెట్టి చూడండి, "ఆ నెయ్యి కాస్త ఇటిస్తారా" దగ్గర మాట మొదలై, పచ్చిపులుసు వచ్చేసరికి మా ఇంట్లో నువ్వుల పొడి వేస్తాం, మేం వెయ్యం అని వాదన దాకా వెళ్తుంది. అప్పుడు మీరు మధ్యలో దూరి ఏది కరెక్టో తేల్చకండి, మాట్లాడుకోనివ్వండి.

సీట్లన్నీ ఒకే గ్యాంగ్‌కి అమ్మొద్దు, ఎనిమిది మంది ఆఫీస్ ఫ్రెండ్స్ వస్తే మిగతా నలుగురు నోరు మెదపరు. బుకింగ్‌కి మూడు సీట్లు చాలు, ఒంటరిగా వచ్చేవాళ్ళ కోసం రెండు ఆపి ఉంచి వాళ్ళని మాటకారుల పక్కన కూర్చోబెట్టండి. డబ్బులు, అలర్జీల వివరాలు ముందే తీసుకోండి, మొహమాటం వద్దు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా మొదటి భోజనానికి ముందే చేయించుకోండి, పక్క ఫ్లాట్ల వాళ్ళకి కూడా ముందే ఒక మాట చెప్పి, చేసిన కూర కాస్త పంపండి.

వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు మా అత్తమ్మ సర్వపిండి చాలా బాగా చేస్తుంది అంటారు చూడండి, ఆ మాట వదలొద్దు. ఆవిడ్ని పిలవండి, మెనూలో ఆవిడ పేరు రాయండి, డబ్బులు కచ్చితంగా ఇవ్వండి, పెద్దావిడ కదా సరదాకి చేస్తుందిలే అనుకోవడం అన్యాయం. గిన్నె లోపల పిండి అద్ది, వేళ్ళతో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేస్తుంటే అందరూ లేచి స్టవ్ చుట్టూ చేరతారు, నన్నొకటి చెయ్యనివ్వండి అని అడుగుతారు, చెయ్యనివ్వండి. అలాగే రైతు బజార్‌లో మీకు ఆకుకూర ఇచ్చే అమ్మనీ, రాంనగర్ మార్కెట్లో కొరమేను కోసిచ్చే అన్ననీ ఏడాదికోసారైనా అతిథులుగా పిలిచి కూర్చోబెట్టండి, వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోవద్దు.

మర్నాడు అందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టండి, ఏది మళ్ళీ వడ్డించుకోవాలనిపించింది, ఏది మిగిల్చారు అని అడగండి, అడిగినవాళ్ళకి రెసిపీ దాచకుండా ఇచ్చెయ్యండి. తర్వాతి తేదీ ఇన్‌స్టాలో పెట్టడానికి ఒకరోజు ముందే పాతవాళ్ళకి చెప్పి, ఈసారి ఒక కొత్త మనిషిని వెంట తీసుకురమ్మనండి.