హెడ్ మైకు పెట్టుకోవడం, కాపాడుకోవడం: హరికథ, బుర్రకథ, తప్పెటగుళ్ళు వాళ్ళ కోసం

కథ చెప్పేవాళ్ళకి చేతులు ఖాళీ ఉండవు కదండీ. హరికథ దాసుగారి చేతిలో చిరతలు, బుర్రకథ కథకుడి భుజాన తంబురా, మన తప్పెటగుళ్ళు వాళ్ళకైతే ఛాతీ మీద తప్పెట. స్టాండు మైకు ముందు నిలబడిపోతే ఆట పోద్ది, ఆడితే మాట పోద్ది. విజయనగరం సంగీత కళాశాలకి 1919లో మొదటి ప్రిన్సిపాల్ అయిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి దారి చూసుకున్నా పాట, ఆట, అభినయం అన్నీ ఒక్క మనిషి మీదే నడవాలి, అందుకే ఇప్పుడు జాతర స్టేజీల మీద హెడ్ మైకు, అంటే చెవులకి తగిలించుకునే ఫ్రేముకి సన్నకాడ చివర బుగ్గ దగ్గర ఉండే చిన్న మైకు, తప్పట్లేదు. కానీ చాలామంది దాన్ని కళ్ళజోడు పెట్టుకున్నట్టు పెట్టేసుకుని ఎక్కేస్తున్నారు, సౌండు బాగోపోతే మైకు సెట్టు కుర్రాడి మీద పడిపోతున్నారు. నేను చూసినంతలో సగం పైన గొడవలు మిక్సర్ దగ్గరవి కాదు, బుగ్గ దగ్గరవి.

ముందు మైకు తల ఎక్కడుండాలో చెప్తాను, అసలు విషయం అదే. నోటికి ఎదురుగా అస్సలు వద్దు. పెదాల మూలకి పక్కన, బుగ్గ వైపుకి, ఒక వేలు మందం ఎడంలో, అంటే సుమారు ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు. చర్మానికి ఆనకూడదు, ఆనితే గడ్డం గీసుకున్నట్టు గరగర వస్తది, చెమట కూడా నేరుగా లోపలికెళ్ళిపోద్ది. నోటికెదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా ఊపిరి తగిలి స్పీకరు బాక్సుల్లో బాంబు పేలినట్టు ఉంటది. "పాహి పాహి ప్రభో" అని గట్టిగా అనిపించి చూడండి, దబదబ వినిపిస్తే ఇంకొంచెం పక్కకి జరపండి, అంతే.

ఎడం ఎందుకంత పట్టుకుని చెప్తున్నానంటే, 2 సెంటీమీటర్లు ఉన్నది కథ మధ్యలో జారి 4 అయిందనుకోండి, గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోద్ది, కుర్రాడు మిక్సర్ మీద సౌండు పెంచే ఫేడర్ పైకి తోస్తాడు, తోసేసరికి బాక్సుల్లోంచి కూత మొదలవుద్ది. మైకు జారకుండా ఉంటే ఆ కూత సగం రాదు.

కొనేటప్పుడూ అద్దెకి తెచ్చుకునేటప్పుడూ ఒకటి అడగండి, ఓమ్నీనా కార్డియాయిడా అని. ఓమ్నీ అన్ని వైపుల నుంచీ వింటది, కాబట్టి కాస్త అటూఇటూ అయినా గొంతు మారదు, ఊపిరి దెబ్బ కూడా తక్కువే, హరికథకి చక్కగా ఉంటది. కార్డియాయిడ్ ఒక వైపే ఎక్కువ వింటది, దాని ముందు భాగం కచ్చితంగా నోటి మూల వైపే తిరిగి ఉండాలి, కొన్నిటికి చిన్న చుక్క గుర్తు ఉంటది చూస్కోండి. తప్పెటగుళ్ళకి, వెనక డక్కీలు మోగే బుర్రకథకి, బాక్సులు స్టేజీకి మరీ దగ్గరగా పెట్టే ఊళ్ళకి నేనైతే కార్డియాయిడే తీసుకుంటాను, తప్పెట మోత కాస్త తగ్గి పాట బయటికొస్తది. కాకపోతే అది తిరిగిపోతే గొంతు వెంటనే పల్చబడిపోద్ది, అందుకని గట్టిగా కట్టాలి.

కట్టడం దగ్గరకొద్దాం. మేకప్ అంతా అయ్యి, రంగు ఆరాకే మైకు. ముందే పెట్టేసి పౌడరు కొడితే ఆ పౌడరంతా మైకు తల మీదున్న జల్లెడలోకి వెళ్ళి కూర్చుంటది. విగ్గు, తలపాగా ఉంటే ముందు మైకు ఫ్రేము, దాని మీద విగ్గు. ఆడవాళ్ళైతే ఫ్రేముని జడ కిందుగా పోనివ్వండి, మైకున్న వైపు బుట్టలు, జుంకాలు ఉంటే మాత్రం తల తిప్పినప్పుడల్లా ఫ్రేముకి తగిలి టిక్ టిక్ మని జనం అందరికీ వినిపిస్తది. ఆ రెండు గంటలకీ చెవికి అంటుకుని ఉండే దిద్దులు పెట్టుకోమని మర్యాదగా చెప్పండి, వింటారు.

మెడికల్ షాపులో పేపర్ ప్లాస్టర్ అని దొరుకుద్ది, అది కొనండి. ఎలక్ట్రికల్ టేపు, సెల్లో టేపు వద్దు, చర్మం ఊడొస్తది. చెవి ముందు బుగ్గ మీద చెమట, నూనె శుభ్రంగా తుడిచి ఒక చిన్న ముక్క, మెడ వెనక ఇంకో ముక్క. మెడ వెనక అంటించే ముందు మనిషిని తల పూర్తిగా దించి నమస్కారం పెట్టమనండి, అటూ ఇటూ తిప్పమనండి, వైరు ఎంత వదులు కావాలో అప్పుడు తెలుస్తది. ఆ వదులు ఉంచి అంటించండి. దాని కింద కాలరు లోపల ఒక చిన్న చుట్టు చుట్టి క్లిప్పు పెడితే, పూలదండ లాగినా కండువా లాగినా ఆ లాగుడు చుట్టు దగ్గర ఆగిపోద్ది, మైకు దాకా రాదు.

నడుం దగ్గర పెట్టే ట్రాన్స్‌మిటర్‌ని, అంటే మైకు గొంతుని వైరు లేకుండా పంపే చిన్న పెట్టెని, పంచె ముడిలో దోపేస్తారు చాలామంది, గంతేస్తే ఊడి పడిపోద్ది. ఎలాస్టిక్ బెల్టు సంచి ఒకటి కుట్టించుకోండి, మన టైలరే కుడతాడు. పెట్టెని ముందు చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఆ తర్వాత సంచిలో పెట్టండి, చెమట తగలకుండా. ఏంటెన్నా తీగ ఉంటే తిన్నగా వేలాడనివ్వండి, మైకు వైరుతో కలిపి చుట్టొద్దు, ఒంటికి నొక్కుకుపోయేలా పెట్టొద్దు, మనిషి ఒళ్ళు సిగ్నల్‌ని తినేస్తది. ఆ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ని కూడా బాక్సు వెనకాల కింద దాచకుండా స్టేజీ కనిపించేలా ఎత్తులో పెట్టమనండి. ఇద్దరు కళాకారులకి రెండు మైకులుంటే రెండూ వేరే వేరే ఫ్రీక్వెన్సీ మీదే ఉండాలి, ఇది మర్చిపోతే గరగర తప్ప ఇంకేం రాదు.

టెస్టింగ్ అంటే మైకులోకి ఫూ ఫూ అని ఊదడం, వేలితో కొట్టడం కాదు. ఊదితే తడి లోపలికి పోద్ది. "గురువుగారూ, కథలో ఎంత గొంతెత్తి పాడతారో ఒక్కసారి అంత గొంతుతోనూ పాడండి" అని అడిగి అప్పుడు గెయిన్, అంటే మిక్సర్ మైకు గొంతుని ఎంత పెంచి తీసుకోవాలో, పెట్టాలి. చాలామంది పెద్దలు టెస్టింగప్పుడు నెమ్మదిగా "హలో" అని ఊరుకుంటారు, తీరా యుద్ధ ఘట్టం వచ్చేసరికి గొంతు పగిలిపోయినట్టు వస్తది. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేస్తే అడుగుల దబదబ, గాలి హోరు చాలా వరకు పోతాయి.

ఇక చెమట. దసరా తర్వాత పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజులైనా, ఎండాకాలం ఊరి పండగలైనా మన సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ, అరగంట ఆడేసరికి ముఖం కారిపోద్ది. నుదుటి నుంచి కారిన చెమట ఫ్రేము పట్టుకుని జారి సరిగ్గా మైకు తల మీదకి చేరుద్ది. అప్పటిదాకా గణగణలాడిన గొంతు ఉన్నట్టుండి దుప్పట్లోంచి మాట్లాడినట్టు అయిపోద్ది. దీనికి మందు చిన్నదే, మైకు తలకి ఒక అంగుళం వెనక ఫ్రేము మీద పేపర్ ప్లాస్టర్‌ని సన్నగా రెండు మూడు చుట్లు చుట్టి చిన్న గట్టులా చెయ్యండి, చెమట బొట్టు అక్కడ ఆగి కిందకి రాలిపోద్ది. విరామంలో ముఖం తుడుచుకునేటప్పుడు టవలుతో మైకుని కూడా కలిపి రుద్దేయకుండా పక్కన ఎవరైనా చూస్కోవాలి.

మధ్యలో ఏదైనా తేడా వస్తే తెలుసుకోవడం తేలికే. గొంతు మూసుకుపోయినట్టుంటే చెమట. వైరు కదిపినప్పుడు చిటపటలాడితే వైరు గానీ పిన్ను గానీ. వస్తూ పోతూ ఉంటే బ్యాటరీ లేదా సిగ్నల్. బ్యాటరీ విషయంలో పొదుపు పనికిరాదు, ప్రతి ప్రోగ్రాంకీ కొత్త సెల్లులే, తీసినవి గోడ గడియారానికి వాడుకోండి.

తీసేటప్పుడు ముందు మిక్సర్‌లో ఆపించాలి, తర్వాత ప్లాస్టర్లు నెమ్మదిగా, చివర ఫ్రేముని రెండు చెవుల దగ్గరా పట్టుకుని తియ్యాలి. మైకు ఉన్న సన్నకాడ పట్టుకుని లాగితే రెండు మూడు ప్రోగ్రాముల్లో లోపల తీగ తెగుద్ది. ఆ రాత్రే, నిద్ర వస్తున్నా సరే, కొంచెం సబ్బు నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో ఫ్రేము, వైరు తుడవండి. మైకు తలని మాత్రం నేల వైపు వంచి పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి, స్పిరిట్ గానీ సెంటు గానీ కొట్టొద్దు. స్పాంజి టోపీ విడిగా తీసి గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ఉతికి నీడలో పూర్తిగా ఆరనివ్వండి, తడిది తొడిగితే ఉతికిన ఫలితం ఉండదు. హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టొద్దు, ఫ్యాను కింద చాలు.

వైరుని చేతి చుట్టూ బిగించి ముడేయకుండా వదులుగా గుండ్రంగా చుట్టి, గట్టి డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి పెట్టండి. ట్రాన్స్‌మిటర్‌లోంచి సెల్లులు తీసెయ్యండి, మళ్ళీ సీజను దాకా అందులోనే ఉంటే కారిపోయి లోపల తుప్పు పట్టిస్తాయి.