ఈఎండీఆర్ థెరపీకి ఎలా సిద్ధమవ్వాలి, సెషన్‌లో ఏం జరుగుతుంది?

యాక్సిడెంట్ జరిగి ఏళ్లు దాటినా లారీ హారన్ వినపడగానే గుండె దడదడలాడటం, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేవడం, ఆ రోడ్డు పేరు చెప్తేనే చెమటలు పట్టడం... ఇలా ఉన్నవాళ్లకి ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ఒకటే, "మర్చిపో" అని. చేతిలో ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాళ్లు కదండి. ఇలాంటివాళ్ల కోసమే కళ్లు కదిలిస్తూ చేసే ఒక థెరపీ ఉంది, పేరు ఈఎండీఆర్. అమెరికా సైకాలజిస్ట్ ఫ్రాన్సిన్ షాపిరోకి 1987లో ఈ ఆలోచన వచ్చింది, 1989లో మొదటి స్టడీ పబ్లిష్ చేశారు, 2013లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా పీటీఎస్‌డీకి, అంటే పెద్ద ప్రమాదమో హింసో ఎదుర్కొన్నాక మిగిలిపోయే ఇలాంటి మానసిక సమస్యకి, సిఫారసు చేసింది. హిప్నాటిజం కాదు, మీరు పూర్తిగా స్పృహలోనే ఉంటారు.

ముందు మనిషిని వెతుక్కోండి

క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, ఈఎండీఆర్‌లో విడిగా ట్రైనింగ్ తీసుకున్నారా అని కూడా అడగండి, మొహమాటపడొద్దు. ఇంకోటి, తెలుగులో మాట్లాడేవాళ్లు దొరికితే చాలా మేలు, ఎందుకంటే భయం వచ్చినప్పుడు మన నోట్లోంచి వచ్చేది ఇంట్లో మాట్లాడే భాషే. మూర్ఛ, కంటి సమస్యలు, ప్రెగ్నెన్సీ, వాడే మందులు, తాగుడు అలవాటు, చనిపోవాలన్న ఆలోచనలు, మధ్యమధ్యలో ఎక్కడున్నామో తెలియకుండా పోవడం, వీటిలో ఏది ఉన్నా మొదటిరోజే చెప్పేయండి. దాన్నిబట్టే ఎంత నెమ్మదిగా వెళ్లాలో వాళ్లు చూసుకుంటారు.

వెంటనే కళ్లు తిప్పడం మొదలుపెట్టరు

మొదటి ఒకట్రెండు సెషన్లు, కొంతమందికి ఇంకా ఎక్కువే, మీ గురించి తెలుసుకోడానికీ మిమ్మల్ని సిద్ధం చెయ్యడానికీ పోతాయి. డబ్బులు వేస్ట్ అవుతున్నాయని అనుకోకండి, నా దృష్టిలో అసలు ముఖ్యమైన భాగం ఇదే. మనసుకి హాయిగా ఉండే ఒక చోటుని ఊహించుకోవడం నేర్పిస్తారు, అమ్మమ్మగారింటి అరుగు కావచ్చు, గోదావరి గట్టు కావచ్చు. చెయ్యెత్తితే ఆపెయ్యాలి అని ఒక సైగ కూడా అనుకుంటారు. ఆ సైగ వాడుకోవడం మీ హక్కు.

అసలు పని

ఇబ్బంది పెడుతున్న జ్ఞాపకంలో అన్నిటికంటే భయంకరమైన బొమ్మ ఒకటి ఎంచుకోమంటారు, ఉదాహరణకి ఎదురుగా వస్తున్న హెడ్‌లైట్లు. దాంతోపాటు మీ గురించి మీకు అనిపించే మాట, "తప్పంతా నాదే" లాంటిది. దాని బదులు ఏం నమ్మాలని ఉందో, "నేను చెయ్యగలిగింది చేశాను" లాంటిది, అది కూడా. తర్వాత ఆ బొమ్మ తల్చుకుంటే బాధ 0 నుంచి 10లో ఎంత అని అడుగుతారు, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది అని అడుగుతారు, గొంతులోనా ఛాతీలోనా.

అప్పుడు థెరపిస్ట్ కాస్త పక్కకి జరిగి కూర్చుని, రెండు వేళ్లు మీ ముందు అటూఇటూ కదిలిస్తారు. తల కదపకుండా కళ్లతోనే వాటి వెంట వెళ్లాలి, సుమారు అర నిమిషం. తర్వాత ఆపి, ఊపిరి తీస్కోండి, ఇప్పుడేం వచ్చింది అంటారు. ఏది వస్తే అది చెప్పడమే, పెట్రోల్ వాసన, నాన్న మీద కోపం, ఏమీ రాకపోవడం, ఏదైనా సరే. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు, సిగ్గుతో ఇన్నాళ్లూ నోరు విప్పనివాళ్లకి ఇది ఎంత ఊరటో. కళ్లు నొప్పెడితే చేతుల మీద తట్టడమో, హెడ్‌ఫోన్స్‌లో శబ్దాలో వాడతారు.

ఇలా ఎందుకు పనిచేస్తుందంటే, జ్ఞాపకాన్ని పట్టుకోవడం, వేళ్లని ఫాలో అవ్వడం రెండూ ఒకేసారి చెయ్యాలంటే మనసుకి కష్టం, అందుకే ఆ బొమ్మ పదును తగ్గుతుంది అనేది ఒక వివరణ. కళ్ల కదలిక వల్ల అదనంగా ఎంత లాభం అన్నదాని మీద రీసెర్చర్ల మధ్య వాదన ఇంకా ఉంది, కానీ మొత్తం థెరపీ పీటీఎస్‌డీకి పనిచేస్తుందని మాత్రం ట్రయల్స్‌లో కనపడింది.

బాధ 0కో 1కో దిగాక మంచి మాటని గట్టిపరుస్తారు, తల నుంచి కాళ్లదాకా ఎక్కడైనా బిగువు మిగిలిందా అని చూస్తారు. సెషన్ సాధారణంగా 60 నుంచి 90 నిమిషాలు. ఒకేరోజులో పని పూర్తవ్వకపోవచ్చు, అప్పుడు మిమ్మల్ని స్థిమితపరిచే పంపాలి, ఏడుస్తుంటే అలాగే లేపి పంపిస్తే మాత్రం అది సరైన పద్ధతి కాదు.

ఇంటికొచ్చాక

ఆ రోజు వీలైతే బండి నడపకండి, పెద్ద పనులు పెట్టుకోకండి. రెండు మూడు రోజులు కలలు ఎక్కువ రావచ్చు, పాతవి గుర్తొచ్చి కన్నీళ్లు రావచ్చు, ఒక ముక్క రాసిపెట్టుకుని తర్వాతి సెషన్‌లో చెప్పండి. యూట్యూబ్ వీడియో పెట్టుకుని పెద్ద గాయాన్ని ఒంటరిగా తవ్వొద్దు, ప్లీజ్, తెరవడం తేలికే, మూసేటప్పుడు పక్కన మనిషి కావాలి. ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది, బటర్‌ఫ్లై హగ్. మెక్సికోలో 1997 తుఫాను బాధితులతో పనిచేస్తూ లూసీనా ఆర్టిగాస్ దీన్ని తయారుచేశారు. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టి, వేళ్ల కొసలు మెడ కింద అడ్డంగా ఉండే ఎముకల (కాలర్‌బోన్) కిందికి వచ్చేలా ఉంచి, ఒకటి తర్వాత ఒకటి మెల్లగా తట్టుకుంటూ ఊపిరి తీస్కోండి, ఆ హాయైన చోటునే తల్చుకోండి, గాయాన్ని కాదు. ఇబ్బందిగా అనిపిస్తే ఆపెయ్యండి.

ఒక్క సంఘటన అయితే 6 నుంచి 12 సెషన్లు అనుకోవచ్చు, చిన్నప్పట్నుంచీ జరిగినవైతే ఇంకా టైం పడుతుంది. ఈలోపు తట్టుకోలేనట్టు అనిపిస్తే 14416కి కాల్ చెయ్యండి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.