ఒక్క సున్నా తెచ్చిన తంటా: టీడీఎస్ రీఫండ్

మాది చిన్న కంపెనీ, లెక్కలు నేనే చూస్తాను. 2022లో, ఏడో తారీఖు సాయంత్రం హడావుడిలో, కాంట్రాక్టర్ల టీడీఎస్ (వాళ్లకిచ్చే డబ్బులో ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) 18,400 రూపాయలు కట్టాల్సింది 1,84,000 కట్టేశాను. అదనంగా వెళ్లింది 1,65,600. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు!

తర్వాతి నెలల్లో సర్దుకోవచ్చని ఆడిటర్ గారు అన్నారు. నిజమే, చలానాలో మిగిలిన సొమ్మును తర్వాతి త్రైమాసికాలకు వాడుకోవచ్చు. కానీ మా నెలవారీ టీడీఎస్‌కి అది తొమ్మిది నెలలకు సరిపడా సొమ్ము. అంతకాలం డబ్బు ఇరుక్కుపోతే జీతాలెలా?

అందుకే ట్రేసెస్‌లో (ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ వెబ్‌సైటు) ఫారం 26బి, అంటే రీఫండ్ దరఖాస్తు, పెట్టాను. ముందు ఒకటి చూసుకోవాలి: ఆ అదనపు సొమ్ము ఏ కాంట్రాక్టర్ పాన్ మీదా చూపించి ఉండకూడదు. చూపిస్తే అది అతని ఆదాయపు పన్ను రిటర్నులో అతనికే వెళుతుంది, మనకు రాదు. మా టీడీఎస్ రిటర్నులో (ఎవరి పాన్ మీద ఎంత కోశామో చెప్పే లెక్క) 18,400 మాత్రమే చూపాం కాబట్టి బతికిపోయాం.

అయినా దరఖాస్తు ముందుకు కదల్లేదు. కారణం పాత బాకీ 600 రూపాయలు! ఎప్పుడో టీడీఎస్ రిటర్ను మూడు రోజులు ఆలస్యమైతే, ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 234ఇ కింద రోజుకు 200 చొప్పున పడిన ఫీజు అది. కట్టి, ఆ చలానాను కరెక్షన్ స్టేట్‌మెంట్‌లో (పాత రిటర్నును సరిదిద్దే పత్రం) జతచేశాకే బాకీ పోయింది. మళ్లీ దరఖాస్తు చేసి, డైరెక్టర్ గారి డిజిటల్ సంతకంతో పంపాం.

టీడీఎస్ అధికారి వివరణ అడిగితే చలానా, లెడ్జరు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇచ్చాం. కొన్ని నెలలకు డబ్బు ఖాతాలో పడింది. ఇప్పుడు చలానా అంకెను ఇంకొకరితో పైకి చదివించుకున్నాకే కడుతున్నాను.