సిక్కోలు తీరంలో ఫొటోలు తీసేవారికి ఎదురయ్యే సమస్యలు, వాటి పరిష్కారాలు

సమస్య: సాయంత్రం సముద్రం వైపు తిరిగి ఎన్ని ఫొటోలు తీసినా అస్తమయపు రంగులు రావడం లేదు.

కారణం కెమెరాలో లేదు, తీరం ఉన్న దిక్కులో ఉంది. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం జిల్లా పూసపాటిరేగ దాకా మన ఒడ్డు ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది కాబట్టి సముద్రం మనకు ఆగ్నేయాన ఉంటుంది. సూర్యుడు నీళ్ల మీదుగా లేస్తాడే కాని నీళ్లలోకి దిగడు. గోవా, కేరళ తీరాల ఫొటోలు చూసి, అదే దృశ్యం కళింగపట్నంలోనూ దొరుకుతుందనుకుని సాయంత్రం అయిదింటికి వచ్చేవారు వెలవెలబోయిన బూడిదరంగు నీళ్లను తీసుకుని ఇంటికి వెళతారు.

సూర్యబింబమూ సముద్రమూ ఒకే ఫ్రేములో కావాలంటే తెల్లవారుజామునే రావాలి. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా, దాదాపు మనకెదురుగానే ఉదయిస్తాడు. జూనులో అంతే మేర ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఒడ్డు వెంబడి ఎడమ వైపు చూస్తూ తీయాలి.

సాయంత్రమే వీలైతే శీతకాలాన్ని ఎంచుకోండి. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు పడమరకు 25 డిగ్రీలు దక్షిణంగా వాలతాడు. అప్పుడు ఒడ్డు వెంబడి నైరుతి వైపు చూస్తే సరుగుడు తోటల వెనక దిగే సూర్యుడు, కెరటం వెనక్కి జారాక తడి ఇసుకలో నిలిచే ఆ ఎరుపు ఒకే చట్రంలోకి వస్తాయి. ఆ తడి అద్దంలా మెరిసేది రెండు మూడు క్షణాలే కాబట్టి, కెరటం విరిగినప్పుడు కాక అది వెనుదిరిగినప్పుడు మీట నొక్కాలి. కళింగపట్నంలో ఇంకో దారి కూడా ఉంది: వంశధార సముద్రంలో కలిసే చోట నిలబడి ఏటికి ఎగువ వైపు చూస్తే పడమటి వెలుగు నీటి మీదే దొరుకుతుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, సూర్యుడు దిగిపోయాక వెంటనే కెమెరా సర్దేయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. ఆ తర్వాత కొద్ది నిమిషాలకు తూర్పున, సముద్రం అంచున, నీలి బూడిదరంగు పట్టీ ఒకటి, దాని మీద లేత గులాబీ పట్టీ ఒకటి లేస్తాయి. కింది పట్టీ వాతావరణం మీద పడిన భూమి నీడే. మన తీరానికి అస్తమయం ఇచ్చే అసలు దృశ్యం ఇది, దీనికోసం సముద్రానికి వీపు తిప్పాల్సిన పని కూడా లేదు.

సమస్య: కంటికి కనిపించిన ఎరుపు ఫొటోలో వెలిసిపోయి వస్తోంది.

రంగులను తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఎరుపును దోషంగా భావించి సరిదిద్దుతుంది. దాన్ని డేలైట్‌కు మార్చండి. కెమెరా పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలుగా తీస్తే తర్వాత కూడా మార్చుకోవచ్చు.

సమస్య: నురుగు ఒకసారి మురికి బూడిదరంగులో, మరోసారి వివరం లేని తెల్లటి మచ్చగా వస్తోంది.

కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఏ దృశ్యాన్నైనా నడిమి బూడిద వెలుగుకు తేవాలని చూస్తుంది. మబ్బు రోజున ఫ్రేమంతా నురుగే ఉంటే దాన్ని చీకటి చేస్తుంది, నల్లటి నీళ్లలో నురుగు కొద్దిగానే ఉంటే మొత్తాన్ని వెలిగించి ఆ కొద్దిపాటి తెలుపును చంపేస్తుంది. మొదటి సందర్భంలో ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా (అంటే వెలుగు రెట్టింపయ్యేదాకా) పెంచాలి, రెండోదాంట్లో తగ్గించాలి. పోయిన తెలుపు తిరిగి రాదు, చీకటిని మాత్రం రా ఫైలులో కొంత లేపవచ్చు. సూర్యుడు మబ్బుల్లోకి దూరి బయటికి వస్తున్నప్పుడు ప్రతిసారీ వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, చూడక తప్పదు.

సమస్య: కెరటం స్పష్టంగానూ లేదు, పట్టులా సాగినట్టూ లేదు.

సెకనులో 30వ వంతు వంటి మధ్యస్థ షట్టరు వేగమే దీనికి కారణం. చిమ్మే తుంపర ఆగి కనిపించాలంటే 1000వ వంతు అవసరం. వెనక్కి జారే నీటి చారలకు పావు సెకను నుంచి ఒక సెకను సరిపోతుంది, అంతకు మించి పొగమంచులా కావాలంటే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉండాలి. నెమ్మది వేగంలో రాయి కూడా చెదిరిందంటే తప్పు ట్రైపాడ్‌ది: ప్రతి కెరటం దాని కాళ్ల కింది ఇసుకను తోడుకుపోతుంది. కాళ్లను ముందే లోతుగా గుచ్చి, నీరు వెనక్కి వెళ్లే వేళ తీయండి.

సమస్య: ఒడ్డుకు చేరగానే లెన్సు మసకబారుతోంది.

ఏసీ గదిలో చల్లబడిన గాజు మీద తీరపు తేమగాలి నీరుగా పేరుకుంటుంది. ఒక ఆగస్టు తెల్లవారుజామున పూసపాటిరేగ దగ్గరి చింతపల్లి తీరంలో నేను ఆ మసకను చొక్కా కొంగుతో తుడుస్తూనే ఉండగా సూర్యోదయం ముగిసిపోయింది. బయలుదేరే ముందు కెమెరాను గాలి చొరని సంచిలో మూసి, సంచితో సహా ఏసీ లేని చోట అరగంటైనా ఉంచితే ఈ తంటా ఉండదు. ఒడ్డున ఉన్నంతసేపూ లెన్సు మార్చకండి.

మసక అరగంటైనా పోకపోతే అది తేమ కాదు, ఉప్పు. పొడిగుడ్డతో రుద్దితే అందులోని ఇసుకరేణువులు గాజును గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో అద్దాలి.

సమస్య: వర్షాల తర్వాత గాలి తేటపడినా సముద్రం మట్టిరంగులో వస్తోంది.

వంశధార, నాగావళి, చంపావతి వరదనీటితో తెచ్చే ఒండ్రు నదీముఖాల దగ్గర సముద్రాన్ని మట్టిరంగుకు తిప్పుతుంది. వైట్ బ్యాలెన్స్‌తో దీన్ని నీలం చేయబోతే ఇసుక, చర్మం కూడా నీలమవుతాయి. నదీముఖానికి కొన్ని కిలోమీటర్లు దూరం జరగండి, లేదా మట్టినీరూ నీలినీరూ కలిసే గీతనే ఫొటోకు వస్తువుగా చేసుకోండి. నాకు ఈ రెండోదే ఇష్టం.

తుపాను రోజుల సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ శ్రీకాకుళం జిల్లాలోనే తీరం దాటాయి. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే ఏ సెట్టింగూ పనికిరాదు. అది దించి, మత్స్యకారులు తెప్పలను మళ్లీ నీళ్లలోకి తోసిన రోజున వెళ్లండి.