వానాకాలం సాగుకు ముందు చిన్న పట్టణాల రైతులు సరిచూసుకోవలసినవి

మృగశిర కార్తె నాటికి నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో దుక్కులు సిద్ధమవుతాయి. విత్తనాలకు, పెట్టుబడికి రైతులు ముందునుంచే తిరుగుతారు గానీ, ప్రభుత్వ సాయం ఏ రికార్డును బట్టి వస్తుందో దాన్ని మాత్రం పంట అమ్ముకునేటప్పుడో, నష్టం జరిగాకో తెరిచి చూస్తారు. అప్పటికి దిద్దుకునే గడువు దాటిపోయి ఉంటుంది.

ముందుగా ఏ పనికి ఎక్కడికి వెళ్లాలో తెలియాలి. హాలియా, చిట్యాల, చండూరు వంటి ఊళ్లు మున్సిపాలిటీలు అయ్యాక సాగు పనులన్నీ మున్సిపల్ ఆఫీసులోనే జరుగుతాయనుకోవడం పొరపాటు. పాసుబుక్కులో పేరు, విస్తీర్ణం తప్పుగా ఉంటే తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి ఈ పనులు భూమి రికార్డుల కొత్త చట్టమైన భూభారతి ప్రకారం నడుస్తున్నాయి. పంట నమోదుకు, బీమాకు రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణ అధికారిని, అంటే ఏఈఓను కలవాలి. ఎరువులకు సొసైటీ, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం ఉంది. ఉపాధి హామీ పనులు గ్రామ పంచాయతీలకే పరిమితం కనుక, మున్సిపాలిటీలో కలిసిన ఊళ్ల రైతులు పొలం గట్లను, వరద కాలువలను వానలకు ముందు సొంత ఖర్చుతోనే బాగుచేసుకోవాలి. ఇది అన్యాయమే, కానీ గట్టు తెగాక వాదించి లాభం లేదు.

ప్రభుత్వం పెట్టుబడి సాయంగా ఇచ్చే రైతు భరోసా కింద ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయలు ఏఈఓ వద్ద నమోదైన ఖాతాలోనే పడతాయి. మన రెండు జిల్లాల్లోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి కాబట్టి, అక్కడ ఖాతా ఉన్నవారు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ రికార్డులో సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకు వర్తిస్తుంది. రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి. వయసును ఆధార్‌లోని పుట్టిన తేదీని బట్టే లెక్కిస్తారు. ఎప్పుడో రాయించిన నామినీ చనిపోయినా, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడాగా ఉన్నా, దుఃఖంలో ఉన్న ఇంటివారు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది. పాలసీ ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది కనుక, కొత్తగా పాసుబుక్కు వచ్చినవారు, నామినీని మార్చుకోవలసినవారు జూలైలోపే ఏఈఓకు కాగితాలు ఇవ్వడం మంచిది.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పంట నమోదుపై పెట్టాలి. పత్తిని సీసీఐకి (భారత పత్తి సంస్థకు), వడ్లను కొనుగోలు కేంద్రానికి అమ్మాలంటే ఆ పంట, ఆ విస్తీర్ణం ఏఈఓ రికార్డులో ఉండాలి. మూడెకరాల్లో రెండెకరాలు పత్తి, ఎకరం కంది వేసిన రైతుకు మొత్తం వరి అని నమోదైతే, పత్తి బండి మిల్లు గేటు దగ్గరే ఆగిపోతుంది. సర్వే నంబరుకు బై నంబర్లు (ఉప నంబర్లు) ఎక్కువగా ఉన్నచోట ఈ తికమక మరీ ఎక్కువ. కాబట్టి ఏఈఓ వచ్చిన రోజు రైతు పొలంలోనే ఉండి, హద్దులు చూపించి, ట్యాబ్‌లో నమోదైన పంటను, గుంటలను తన కళ్లతో చదువుకోవాలి. కౌలుదారులైతే పంట ఎవరి పేరున నమోదు కావాలో, అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలో పడాలో విత్తనం వేయకముందే పట్టాదారుతోను, ఏఈఓతోను మాట్లాడి తేల్చుకోవాలి.

పత్తి విత్తనాన్ని లైసెన్సున్న దుకాణంలోనే, లాట్ నంబరు రాసిన బిల్లుతో కొనాలి. ఆ బిల్లును, ఖాళీ ప్యాకెట్‌ను, పిడికెడు గింజలను పంట పూర్తయ్యేవరకు దాచాలి. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా ఫిర్యాదుకు ఇవే ఆధారం. గడ్డిమందు కొట్టినా చావదని అమ్మే లూజు పత్తి గింజలకు అనుమతి లేదు, బిల్లు ఇవ్వరు, నష్టపోతే అడిగే దిక్కు ఉండదు. ఒక వాన పడగానే గింజ పెట్టకుండా, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం కురిసి, తడి లోతుకు దిగాకే విత్తాలి. మండలంలో ఎంత వాన పడిందో ఏఈఓను అడిగితే చెబుతారు.

యూరియా 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. 2025 ఆగస్టులో యూరియా కొరతతో సొసైటీల ముందు చెప్పులు, పాసుబుక్కులు వరుసలో పెట్టి నిలబడిన సంగతి అందరికీ గుర్తుంది. వేలిముద్రలు అరిగి ఎరువులమ్మే చోటి మెషిన్‌లో పడని పెద్దవారికి ఆధార్ కేంద్రంలో ముందే అప్‌డేట్ చేయించాలి, లేకపోతే గంటలు నిలబడి కౌంటర్ దాకా వచ్చాక వెనక్కి తిరగాలి.

మున్సిపాలిటీ నుంచి దొరికే తడిచెత్త ఎరువు తీసుకునేవారు దాన్ని జల్లెడ పట్టించి మరీ ట్రాక్టర్‌లో పోయించుకోవాలి. ప్లాస్టిక్‌తోపాటు గాజు పెంకులు కూడా ఉండవచ్చు కనుక, చెప్పుల్లేకుండా కలుపు తీసే కూలీలు ఉన్న చేనులో జల్లెడ పట్టని ఎరువు చల్లకూడదు.